కొత్త సిస్టర్లకు: డ్యూటీ జబ్బులు పదేపదే పట్టుకోకుండా ఏం చేయాలి

డ్యూటీలో చేరిన మొదటి ఏడాదిలో నెలకోసారి గొంతు నొప్పి, వానలు మొదలవగానే కళ్ళకలక, మధ్యలో ఒకసారి విరేచనాలు. శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుల్లో చాలామందికి ఇదే వరస. ఇంట్లోవాళ్ళు "ఒంట్లో బలం లేదు, మానెయ్" అంటారు. బలం లేక కాదు. జలుబు తెచ్చే రైనోవైరస్‌లే 150 రకాలకు పైగా ఉన్నాయి. ట్రైనింగ్‌లో పూటకు నాలుగైదు గంటలు వార్డులో ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎనిమిది, పన్నెండు గంటలు ఉంటున్నారు. ఒంటికి తెలియని రకాలన్నీ ఒక్కసారే మీద పడతాయి. దానికి తోడు నైట్ డ్యూటీలు, హాస్టల్ గదిలో నలుగురు, బస్సులో గంట ప్రయాణం. ఏడాది రెండేళ్ళు గడిచేసరికి జలుబులు వాటంతట అవే తగ్గుతాయి. కానీ కామెర్లు, టీబీ, గజ్జి అలా తగ్గేవి కావు. వాటిని ముందే ఆపాలి.

చాలా జబ్బులు ఒంట్లోకి వచ్చేది వార్డు గాల్లో తిరిగినంత మాత్రాన కాదు, కొన్ని ఖచ్చితమైన క్షణాల్లో. ఆ క్షణాలు ఏవో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

చేరిన మొదటి వారం: టీకాల ఫైలు

ఒక పల్చటి ఫైలు కొనండి. అందులో మీ టీకాల కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు పెట్టండి. ఫోన్‌లో ఫోటోలు కూడా ఉంచుకోండి.

మొదట హెపటైటిస్ బి. మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. పెద్దవాళ్ళకు ఒక్కో డోసు 1 మి.లీ., భుజం కండకే వేయించుకోవాలి. పిరుదుకి వేస్తే కొవ్వులోకి పోయి సరిగ్గా పనిచేయదు. నర్సింగ్ కాలేజీలో రెండు డోసులు వేసి మూడోది మరిచిపోయినవాళ్ళు బోలెడంతమంది. మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, మిగిలినది వేయించుకుంటే చాలు. మూడో డోసు అయిన నెల, రెండు నెలల మధ్యలో యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చేయించండి, టీకా రక్షణ ఎంత వచ్చిందో చూసే రక్తపరీక్ష అది. 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే రక్షణ ఉన్నట్టు. రాకపోతే ఇంకో మూడు డోసులు వేసి మళ్ళీ చూస్తారు. ఈ టైటర్ పరీక్ష దగ్గరే అందరూ బద్ధకిస్తారు. తర్వాత ఎప్పుడో సూది గుచ్చుకున్న రాత్రి ఆ ఒక్క అంకె లేకనే కంగారు పడతారు.

తర్వాత తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే ఎమ్మెమ్మార్ టీకా, కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. చిన్నప్పుడు ఆటలమ్మ పోయకపోతే దానికీ రెండు డోసులు. ఈ రెండూ గర్భంతో ఉన్నప్పుడు వేయించుకోకూడదు, వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్ళి కుదిరినవాళ్ళు ముందే పూర్తి చేసుకోవడం మేలు. ధనుర్వాతం, డిఫ్తీరియాలకు టీడీ పదేళ్ళకోసారి. ఫ్లూ టీకా ఏడాదికోసారి, దాని పని మొదలవడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలు రాకముందే, మే నెలలో వేయించుకోండి. ఈ టీకా మామూలు జలుబును ఆపదు. ఆపుతుందని ఆశపడినవాళ్ళే తర్వాత "వేసుకున్నా వచ్చింది" అంటారు.

అడగడానికి మొహమాటపడకండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, ఉద్యోగంలో చేరినప్పుడు, ఆపైన ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించడం ఆసుపత్రి బాధ్యత. ఇది చిన్న నర్సింగ్ హోమ్‌కీ వర్తిస్తుంది.

చేతులు: ఎప్పుడు, ఎంతసేపు

కడగడం అందరికీ వచ్చు. తప్పు జరిగేది ఎప్పుడు కడగాలన్న దగ్గర. పేషెంట్‌ని ముట్టుకునే ముందు, కాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడం లాంటి శుభ్రమైన పని ముందు, రక్తం, మూత్రం, కఫం తగిలాక, పేషెంట్‌ని వదిలాక, మంచం, లాకర్, సెలైన్ స్టాండ్ ముట్టుకున్నాక. ఈ ఐదింటిలో చివరిదాన్నే ఎక్కువగా వదిలేస్తారు. "పేషెంట్‌ని ముట్టుకోలేదు కదా, డ్రిప్ సరిచేశానంతే" అనుకుంటారు. ఆ రోలర్‌ని అంతకుముందు విరేచనాల పేషెంట్ కొడుకు, వార్డు బాయ్, ఇంకో సిస్టర్ ముట్టుకున్నారు.

హ్యాండ్ రబ్ అయితే చేతి గుంటలో నిండుగా, దాదాపు 3 మి.లీ. తీసుకుని 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దాలి. రెండు చుక్కలు వేసి యూనిఫామ్‌కి తుడుచుకుంటే పనిచేయదు. బొటనవేలి చుట్టూ, వేళ్ళ కొనలు, గోళ్ళ కింద ఎక్కువగా మిస్ అవుతాయి. మనం కళ్ళు నులిమేది, ముక్కు గోక్కునేది ఆ కొనలతోనే. సబ్బు, నీళ్ళు అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. చేతులకు మురికి కనబడినా, విరేచనాల, వాంతుల పేషెంట్ దగ్గర పనిచేసినా సబ్బే వాడండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద హ్యాండ్ రబ్‌లోని స్పిరిట్ సరిగ్గా పనిచేయదు.

వాష్‌బేసిన్ దగ్గర వేలాడే ఉమ్మడి తువ్వాలు చాలా చోట్ల అసలు దొంగ. పొద్దున్నుంచి పాతిక మంది తుడుచుకున్న తడిగుడ్డ, ఉక్కపోతకి సాయంత్రానికి వాసన వేస్తుంది. శుభ్రంగా కడిగిన చెయ్యి అక్కడే మళ్ళీ మైలపడుతుంది. పేపర్ లేకపోతే మీ బ్యాగులో ఆరేడు చిన్న జేబురుమాళ్ళు పెట్టుకోండి, ఒకటి తడిసిపోతే పక్కన పెట్టి ఇంకోటి. లేదంటే గాలికి ఆరనివ్వండి.

డ్యూటీలో ఉంగరాలు, గాజులు, వాచీ తీసెయ్యండి. కొత్త పెళ్ళికూతుళ్ళకి గాజులు తీయమంటే ఇంట్లో బాధపడతారు, తెలుసు. నల్లపూసలు యూనిఫామ్ లోపల ఉండొచ్చు. మణికట్టు మాత్రం ఖాళీగా ఉండాలి, ఎందుకంటే గాజుల కింద నీళ్ళు, సబ్బు చేరవు.

రోజుకి నలభై సార్లు కడిగితే చర్మం పగులుతుంది, మంట పుడుతుంది, ఆ మంటకి భయపడి కడగడం తగ్గిస్తారు. పగుళ్ళలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. డ్యూటీ అయ్యాక, పడుకునేముందు కొబ్బరినూనె కానీ వాసెలిన్ కానీ రాసుకోండి. డ్యూటీలో మాత్రం నూనె రాసి లేటెక్స్ గ్లవ్స్ వేయకండి. నూనెకి రబ్బరు మెత్తబడి చిరుగుతుంది.

తుపాను రోజులకు ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే కుళాయి లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వార్డులో అరలీటరు హ్యాండ్ రబ్ బాటిళ్ళు రెండు, మూతపెట్టిన బకెట్టు, మగ్గు సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకోండి. తుపాను తర్వాత వచ్చే మొదటి పేషెంట్లు విరేచనాలవాళ్ళే.

గ్లవ్స్ ఇచ్చే తప్పుడు ధైర్యం

గ్లవ్స్ వేసుకుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి, అక్కడనుంచి కేస్ షీట్‌కి, అక్కడనుంచి ఫోన్‌కి పోయే అలవాటు చాలా తొందరగా వస్తుంది. గ్లవ్స్ మిమ్మల్ని కాపాడేది ఒక్క పేషెంట్, ఒక్క పని వరకే.

తీయడం నేర్చుకోండి, ఎందుకంటే చెయ్యి మురికయ్యేది తీసేటప్పుడే. ఎడమ చేతి గ్లవ్‌ని మణికట్టు దగ్గర బయటివైపునుంచి కుడిచేత్తో చిటికెడు పట్టుకుని, లోపలిది బయటకి వచ్చేలా లాగండి. అది కుడి గుప్పిట్లో ఉండగానే ఎడమ చేతి వేలు కుడి గ్లవ్ అంచు లోపలికి పోనిచ్చి, చర్మానికి ఆనుకుంటూ తిప్పి తీయండి. మొదటిది రెండోదాని కడుపులో మూటలా ఉండిపోతుంది. తర్వాత చేతులు కడగాలి. గ్లవ్స్‌కి కంటికి కనబడని చిల్లులు ఉంటాయి.

మాస్క్: ఏది, ఎప్పుడు

జలుబు, దగ్గు పేషెంట్ల దగ్గర మామూలు సర్జికల్ మాస్క్ చాలు. చెమటకి తడిసిందంటే మార్చాలి. మన తీరంలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉక్కకి రెండు మూడు గంటల్లోనే తడిసిపోతుంది. గడ్డం కిందికి లాగి మళ్ళీ పైకి తెచ్చుకోవడం కన్నా తీసి పారేసి కొత్తది పెట్టుకోవడం మేలు.

టీబీ, తట్టు, ఆటలమ్మ పేషెంట్ల దగ్గర, గొంతులో కఫం పీల్చే సక్షన్ చేసేటప్పుడు, శ్వాస గొట్టం వేసేటప్పుడు, కఫం తీయించేటప్పుడు ఎన్95 వాడాలి. పై పట్టీ నడినెత్తికి, కింద పట్టీ మెడకి. రెండూ మెడకే వేస్తే బుగ్గల దగ్గర సందు ఉండిపోతుంది. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్ళతో వొత్తండి, ఒక్క చేత్తో గిచ్చితే మధ్యలో మడత పడి గాలి పోతుంది. తర్వాత రెండు అరచేతులూ మాస్క్ మీద ఆనించి గట్టిగా ఊదండి. కళ్ళజోడు మసకబారినా, కళ్ళకి గాలి తగిలినా తీగ మళ్ళీ సర్దాలి. ప్రతిసారీ ఇది చేయాలి. ఎన్95ని సబ్బుతో ఉతకడం, స్పిరిట్ చల్లడం వద్దు. లోపలి పొర ధూళిని పట్టి ఉంచేది విద్యుదావేశంతో, అది పోతే ఆకారం అలాగే ఉన్నా మాస్క్ వడకట్టదు. ఆసుపత్రిలో తక్కువ ఇస్తే, తేదీ రాసిన కాగితపు కవర్లలో ఒక్కోటి ఆరబెట్టి వంతులవారీగా వాడుకోండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తడి ఆరదు.

టీబీ అని తెలిసిన పేషెంట్ కన్నా తెలియనివాడే ప్రమాదం. మేల్ మెడికల్ వార్డులో "ఆయాసం" అని చేరి, నెలరోజులుగా దగ్గుతున్న ముసలాయన పక్కన మాస్క్ లేకుండా నిలబడి మందులిస్తారు. దగ్గు రెండు వారాలు దాటిందా అని మీరే అడగండి. దాటిందంటే ఆయనకి మాస్క్ ఇచ్చి, కిటికీ పక్క మంచానికి మార్పించి, డాక్టరుగారికి చెప్పండి. కఫం తీయించేది వార్డులో కాదు, ఆరుబయట, మీరు గాలి వచ్చే వైపు నిలబడి. నెబులైజేషన్ పెట్టేటప్పుడూ కిటికీలు తెరిచి, పెట్టాక పక్కకి జరగండి. ఎదురుగా నిలబడి మాట్లాడడం తగ్గిస్తే చాలా వరకు తప్పుతుంది.

డెంగీ, మలేరియా పేషెంట్ల దగ్గరకి భయంతో వెళ్ళనివాళ్ళు ఉంటారు. సీతంపేట, సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపునుంచి మలేరియాతో వస్తుంటారు. అది మనిషి నుంచి మనిషికి దోమ ద్వారానే వస్తుంది. హాస్టల్ కిటికీకి దోమతెర, నైట్ డ్యూటీలో కాళ్ళకి మేజోళ్ళు, దోమల మందు. అంతవరకే.

వాంతి పడితే

చీపురుతో ఊడ్వకండి, ఊడిస్తే తుంపరలు లేస్తాయి. గ్లవ్స్, మాస్క్ వేసుకుని పాత గుడ్డ లేదా పేపర్ కప్పి, దాని మీద 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్) పోసి పది నిమిషాలు ఆగి ఎత్తాలి. 4 శాతం ద్రావణం ఉంటే దానికి ఒక వంతుకి మూడు వంతుల నీళ్ళు. 5 శాతం అయితే ఒకటికి నాలుగు. పొద్దున కలిపింది మర్నాటికి ఉంచకండి, ఎండకి, వేడికి బలం పోతుంది.

సూది గుచ్చుకుంటే

మూత మళ్ళీ పెట్టకుండా, వాడిన చోటే తెల్ల డబ్బాలో వేస్తే చాలావరకు గుచ్చుకోదు. డబ్బా ముప్పాతిక నిండగానే మార్చండి. నిండిన డబ్బాలోకి కుక్కేటప్పుడు గుచ్చుకునేవి చాలా ఉంటాయి.

అయినా గుచ్చుకుంటే, పిండకండి, నోట్లో పెట్టుకోకండి, స్పిరిట్ పోయకండి. కుళాయి కింద సబ్బుతో కడగండి. కంట్లో రక్తం చిందితే మామూలు సెలైన్ లేదా నీళ్ళతో పది, పదిహేను నిమిషాలు కడగాలి. వెంటనే హెడ్ నర్సుకి, డ్యూటీ డాక్టరుకి చెప్పి రిజిస్టర్‌లో రాయించండి. పేషెంట్ రక్తాన్ని హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌సీవీకి (చివరి రెండూ హెపటైటిస్ బి, సి పరీక్షలు) పంపించాలి. మీదీ పంపించాలి.

గుచ్చుకుంటే జబ్బు అంటుకునే అవకాశం హెచ్‌ఐవీకి 0.3 శాతం, హెపటైటిస్ సికి 1.8 శాతం దాకా. హెపటైటిస్ బికి మాత్రం టీకా వేసుకోనివాళ్ళకి 6 నుంచి 30 శాతం. పైన టైటర్ గురించి అంత పట్టుబట్టింది ఇందుకే. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో డయాలసిస్ సెంటర్లలో పనిచేసే సిస్టర్లు ఈ మాట ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, అక్కడ రోజూ రక్తంతోనే పని.

హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు రెండు గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. 28 రోజులు ఒక్కటీ మానకుండా వేసుకోవాలి. హెపటైటిస్ బి రక్షణ లేనివాళ్ళకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (అప్పటికప్పుడు రక్షణ ఇచ్చే సూది) 24 గంటల్లోపు ఇస్తే మంచిది. మీ ఆసుపత్రిలో మందులు లేకపోతే హెచ్‌ఐవీ మందులిచ్చే పెద్దాసుపత్రి ఏఆర్‌టీ సెంటర్‌కి అదే రాత్రి వెళ్ళండి. "తెల్లారాక చూద్దాం" అనుకోవద్దు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఈ రక్షణ సిబ్బందికి సంస్థే ఏర్పాటు చేయాలి.

టీ, టిఫిన్, ఫోన్

నర్సింగ్ స్టేషన్‌లో తినకండి. బిస్కెట్ ప్యాకెట్టు కేస్ షీట్ల పక్కన ఉంటే అది కేస్ షీటుతో సమానం. తినేముందు హ్యాండ్ రబ్ కాదు, సబ్బుతో కడగండి. నీళ్ళ సీసా మీ సొంతదే వాడండి, ఒకే సీసాని నలుగురు నోటికి పెట్టుకుంటే ఒకరి జలుబు మర్నాటికి నలుగురిదీ. పెన్ను మూత నోట్లో పెట్టుకునే అలవాటుంటే ఇవాళే మానండి. ఫోన్‌ని డ్యూటీ దిగగానే 70 శాతం స్పిరిట్ తడిపిన దూదితో తుడవండి. మణికట్టు దాకా కడిగిన చేతులతో కడగని ఫోన్ చెవికి పెట్టుకుంటే అంతా వృథా.

మంచినీళ్ళు తాగకుండా, బాత్రూమ్‌కి వెళ్ళకుండా ఎనిమిది గంటలు ఓర్చుకోవడం వల్ల మూత్రంలో మంట వస్తుంది. ఆడ సిస్టర్లలో ఇది కూడా పదేపదే వచ్చే జబ్బే, పేషెంట్‌నుంచి కాదు, డ్యూటీ తీరు నుంచి. రెండు మూడు గంటలకోసారి వెళ్ళండి. పక్క సిస్టర్‌తో వంతులు మాట్లాడుకోండి.

ఇంటికి వచ్చాక

చెప్పులు వరండాలో. యూనిఫామ్ విడిచి వేరే సంచిలో. ఇంట్లోవాళ్ళ బట్టలతో కలపకుండా సర్ఫ్‌తో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. స్నానం చేసి పిల్లల్ని ఎత్తుకోండి.

గజ్జి సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని నయం చేయడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మొదటిసారి అంటుకున్నవాళ్ళకి దురద రెండు నుంచి ఆరు వారాల తర్వాతే మొదలవుతుంది, అప్పటికి రూమ్మేట్లందరికీ చేరిపోతుంది. రాత్రిళ్ళు ఎక్కువ దురద, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ పొక్కులు వస్తే అనుమానించండి. డాక్టరు చెప్పాక పెర్మెత్రిన్ 5 శాతం క్రీము, ఒక మనిషికి దాదాపు 30 గ్రాములు, మెడనుంచి అరికాళ్ళదాకా రాయాలి. దురద ఉన్న చోట మాత్రమే రాస్తే నయం కాదు. గోళ్ళ కింద, బొడ్డులో, వేళ్ళ మధ్య కూడా రాయాలి. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి, మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్ళీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. గదిలో, ఇంట్లో ఉన్నవాళ్ళందరూ అదే రాత్రి రాసుకోవాలి, దురద లేనివాళ్ళు కూడా. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి ఉతకండి. ఉతకలేనివి మూడు రోజులు ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఉంచండి. పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ రాసుకుంటే చర్మం మండిపోతుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు జోలికి పోవద్దు, దురద తగ్గినట్టు కనిపించి పురుగు పెరుగుతుంది.

నిద్ర, తిండి

2009లో అమెరికాలో ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ వేసి చూశారు. ఎనిమిది గంటలు, ఆపైన నిద్రపోయేవాళ్ళతో పోలిస్తే ఏడు గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్ళకి జలుబు పట్టే అవకాశం దాదాపు మూడు రెట్లు తేలింది. టీకాల తర్వాత మీ చేతుల్లో ఉన్న పెద్ద ఆయుధం నిద్రే.

నైట్ డ్యూటీకి వెళ్ళేముందు సాయంత్రం గంటన్నర పడుకోండి. టీ, కాఫీ తెల్లవారుజాము మూడు తర్వాత తాగకండి. పొద్దున దిగగానే తేలిగ్గా తిని, స్నానం చేసి, తొమ్మిదిన్నరలోపు పడుకోండి. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి. రేకుల గదిలో మేలో మధ్యాహ్నం పన్నెండు తర్వాత నిద్ర పట్టదు, కాబట్టి తొమ్మిదినుంచి పన్నెండు దాకా పడుకోగలిగినదే అసలు నిద్ర అనుకుని, మిగతా రెండు మూడు గంటలు సాయంత్రం పూరించుకోండి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి: పగలు పడుకోవడం బద్ధకం కాదు, డ్యూటీలో భాగం.

తిండికి ఖరీదైన పొడులు వద్దు. "ఇమ్యూనిటీ పెంచే" డబ్బాలకి పెట్టే డబ్బుతో టీకా వేయించుకోవచ్చు. పొద్దున చోడి అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ. ఒక గుడ్డు. ఉలవలు, పెసలు, ఎండు నెత్తళ్ళు, మునగాకు ఏదో ఒకటి రోజూ. డ్యూటీ బ్యాగులో రెండు నువ్వుండలు ఉంటే రాత్రి రెండింటికి పఫ్‌లు తినక్కర్లేదు. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి. ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, రెండింటికీ మధ్య కనీసం గంట తేడా ఉండాలి.

జబ్బు పడ్డాక: డ్యూటీకి వెళ్ళాలా, మానాలా

ఇది కొత్తవాళ్ళు నలిగిపోయే చోటు. సెలవు అడిగితే ఏమంటారో అని జ్వరంతోనే వెళ్తారు. మీ వల్ల పసిపిల్లల వార్డులో ఒక బిడ్డకి అంటుకుంటే ఆ నష్టం సెలవు కన్నా చాలా పెద్దది. కొలతలు ఇవి:

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మానాలి. పారాసెటమాల్ వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే వెళ్ళాలి. వాంతులు, విరేచనాలైతే చివరిది ఆగిన 48 గంటల వరకూ వద్దు. కళ్ళకలకకి ఊసి, నీరు కారడం ఆగేదాకా. స్టెరాయిడ్ కలిపిన కంటి చుక్కలు మీ అంతట మీరు వేసుకోకండి. ఆటలమ్మకి పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా. గజ్జికి మొదటిసారి మందు రాసిన మర్నాటి నుంచి వెళ్ళొచ్చు. జ్వరం లేని జలుబుకి మాస్క్ పెట్టుకుని వెళ్ళొచ్చు, కానీ నవజాత శిశువుల వార్డు, కీమోథెరపీ వార్డు మాత్రం మార్పించుకోండి.

చెప్పేటప్పుడు సాగదీయకండి, క్షమాపణలతో నింపకండి. షిఫ్టుకి వీలైనంత ముందు ఫోన్ చేసి ఇలా చెప్పండి: "మేడమ్, రాత్రి నుంచి నాలుగు విరేచనాలు, రెండు వాంతులు అయ్యాయి. ఇవాళ మధ్యాహ్నం డ్యూటీకి రాలేను. ఆగాక రెండు రోజులు వార్డుకి రాకూడదు కాబట్టి ఎల్లుండి సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి చెప్తాను." తర్వాత అదే మాట వాట్సాప్‌లో రాసి పెట్టండి, రుజువు ఉంటుంది.

రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగులకి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, 20 రోజుల అర్ధజీతం సెలవు లెక్కకి వస్తాయి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్‌లో చేరినవాళ్ళు తమ ఆర్డరు కాగితం ఒకసారి చదవండి. ప్రైవేటులో జీతం నెలకి 21,000 రూపాయల లోపుంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతంలోంచి 0.75 శాతం కోస్తున్నారంటే మీరు అందులో ఉన్నట్టే. 78 రోజులు చందా కట్టినవాళ్ళకి జబ్బు సెలవులో 70 శాతం జీతం, ఏడాదికి 91 రోజులదాకా వస్తుంది. డిస్పెన్సరీ నుంచి సర్టిఫికెట్ మొదటి రోజే తీసుకోవాలి, కోలుకున్నాక వెళితే ఇవ్వరు.

ఇంట్లో వైద్యం, వార్డు మందులు

వార్డులో చేతికి అందే మందులే కొత్తవాళ్ళకి పెద్ద ఉచ్చు. గొంతు నొప్పి రాగానే అజిత్రోమైసిన్ మూడు రోజులు, జ్వరానికి సెఫ్ట్రియాక్సోన్, నీరసానికి ఒక సెలైన్, దానిలో ఒక డెక్సా (స్టెరాయిడ్). జలుబులు వైరస్‌లవి, యాంటీబయాటిక్ వాటిని ముట్టదు. డెక్సా జ్వరాన్ని దాచి జబ్బుని పెంచుతుంది.

జలుబుకి విశ్రాంతి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం, పారాసెటమాల్ 500 లేదా 650 ఆరు గంటలకోసారి. విరేచనాలకి ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, గ్లాసు గ్లాసుకి కొంచెం కొంచెం పొడి వేసుకోకూడదు. ప్రతి విరేచనం తర్వాత ఒక గ్లాసు. రక్తం పడినా, తాగిన నీళ్ళు కడుపులో నిలవకపోయినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా ఆసుపత్రిలో చేరిపోండి.

జ్వరం రెండు రోజులు దాటితే సీబీసీ (రక్తకణాల లెక్క), మలేరియా, డెంగీ పరీక్షలు చేయించండి. డెంగీ ఎన్‌ఎస్1 మొదటి ఐదు రోజుల్లోనే పనికొస్తుంది. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి కాలిన పొక్కులాంటి మచ్చ, చంకలో, గజ్జల్లో కూడా వెతికి చూసి డాక్టరుకి చెప్పండి, అది స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) కావచ్చు. వైడాల్ రక్తపరీక్ష ఒక్కదాన్ని నమ్మి టైఫాయిడ్ మందులు మొదలుపెట్టకండి. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ముట్టకూడదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డెంగీ లేకపోయినా ఆ నొప్పి మాత్రలకి దూరంగా ఉండండి. ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించుకోండి.

జలుబు కాదేమో అనిపిస్తే

చిన్న నోట్‌బుక్కులో తేదీ, ఏ వార్డు, ఎన్ని నైట్లు, ఏం వచ్చింది, ఎన్నాళ్ళు ఉంది అని ఒక్కో వరుస రాయండి. మూడు నెలల తర్వాత అదే మాట్లాడుతుంది. ప్రతి జబ్బూ నైట్లు అయిన వారంలోనే వస్తుంటే నిద్ర సరిచేయాలి. ప్రతి జలుబూ పిల్లికూతలతో, ఆయాసంతో మూడు వారాలు ఉంటే ఆస్తమా చూపించుకోవాలి. గడ్డలు, మూత్రంలో మంట మళ్ళీ మళ్ళీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించాలి.

దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతున్నా, బరువు తగ్గుతున్నా టీబీ పరీక్ష చేయించుకోండి. ఎక్స్‌రేతో ఆగకుండా కఫాన్ని టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ లేదా సీబీనాట్‌కి ఇవ్వండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. తెలిసినవాళ్ళు చూస్తారని వేరే ఊరు వెళ్ళి నెలలు పోగొట్టుకోకండి. మందులు ఆరు నెలలు, అవీ ఉచితం, పోషకాహారానికి నెలకి 1,000 రూపాయలు మీ ఖాతాలోనే పడతాయి. పొద్దున లేవగానే, పళ్ళు తోముకోకముందు నీళ్ళతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి లోపలినుంచి దగ్గి తీసిన కఫం ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. ఫలితం వచ్చేదాకా ఇంట్లో విడిగా, కిటికీ ఉన్న గదిలో పడుకోండి. మాస్క్ తీయకండి.